ఆజాద్ జోస్యం: పొరుగింటి పతనానికి చప్పట్లు, సొంతింటి హెచ్చరికకు చెవుడు

1951 ఆగస్టు 18న ఖరగ్‌పూర్ శివార్లలోని హిజ్లీలో భారతదేశపు మొట్టమొదటి ఐఐటీని కేంద్ర విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభించారు. 224 మంది విద్యార్థులు, 42 మంది అధ్యాపకులతో మొదలైన ఆ సంస్థకు దొరికిన భవనం బ్రిటిష్ ప్రభుత్వం రాజకీయ ఖైదీలను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న నిరాయుధ ఖైదీలపై పోలీసులు కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను బలి తీసుకున్నది అక్కడే. దేశం మతం పేరుతో రెండు ముక్కలై అప్పటికి నాలుగేళ్ళ మూడు రోజులు. ఆ విభజనను ఆపడానికి ప్రయత్నించి ఓడిపోయిన వ్యక్తి, ఓడిపోయిన చోటే నిలబడి, జైలును విద్యాలయంగా మార్చే పనికి శ్రీకారం చుట్టారు.

ఈ సంగతి నేడు ఎందరికి గుర్తున్నదో చెప్పడం కష్టం. ఆజాద్ పేరు చెప్పగానే అత్యధికులకు గుర్తొచ్చేది మరొకటి. ఏటా ఆగస్టు నెలలో సెల్ ఫోన్లలో తిరిగే ఒక 'ఇంటర్వ్యూ' అది. 1946 ఏప్రిల్‌లో లాహోర్ పాత్రికేయుడు షోరిష్ కశ్మీరీకి ఆజాద్ ఇచ్చినట్లుగా చెప్పే ఆ పాఠంలో పాకిస్తాన్ జాతకం మొత్తం ఉంటుంది. తూర్పు బెంగాల్ విడిపోతుంది; సైనిక నియంతలు వస్తారు; విదేశీ అప్పుల భారం పెరుగుతుంది; ఇరుగుపొరుగుతో స్నేహం ఉండదు; రాష్ట్రాల మధ్య కలహాలు రేగుతాయి; కొత్త ధనికులు దేశాన్ని దోచుకుంటారు. ఒక్కటీ తప్పలేదు, చూశారా అంటూ పంచుకునేవారు పంచుకుంటారు. 'ఒక ముస్లిం నాయకుడే పాకిస్తాన్ పతనాన్ని ముందుగా చెప్పాడు' అని ఒక వర్గం చంకలు గుద్దుకుంటుంది. 'మా నాయకుడు ఎంతటి దార్శనికుడో' అని మరొక వర్గం పులకించిపోతుంది. ఆజాద్ అసలు ఏమన్నారు, ఎవరిని ఉద్దేశించి అన్నారు, అందులో తేలవలసిన బాకీ ఎవరిది అన్న ప్రశ్నలు మాత్రం రెండు వర్గాలకూ అక్కరలేదు.

జోస్యం పుట్టుక

మొదట ఆ ఇంటర్వ్యూ సంగతి తేల్చాలి. షోరిష్ కశ్మీరీ అనామకుడు కాదు. విభజనను వ్యతిరేకించిన మజ్లిస్-ఎ-అహ్రార్ నాయకుడు, వక్త, కవి, ఆజాద్ అంటే ఆరాధన గల వ్యక్తి. ఆయన ఉర్దూలో రాసిన ఆజాద్ జీవిత చరిత్రలో ఈ సంభాషణ ఉన్నది. 2009లో ఆంగ్లానువాదం వెలువడ్డాక అది ఇంటర్నెట్‌లో కార్చిచ్చులా వ్యాపించింది. 'చట్టాన్' పత్రికలో 1946 ఏప్రిల్‌లో అచ్చయిందన్న ట్యాగు కూడా దానికి తగులుకున్నది.

ఇక్కడే చిక్కు వచ్చింది. కశ్మీరీ 'చట్టాన్' వారపత్రిక విభజన తరువాతి కాలపు పత్రిక. పుట్టని పత్రికలో ఇంటర్వ్యూ ఎలా అచ్చవుతుంది? 1946 నాటి ముద్రిత ప్రతిని ఎవరూ చూపలేకపోయారన్నది విమర్శకుల ప్రధాన అభ్యంతరం. ఆ పాఠం విస్తృతంగా పాఠకుల చేతికి వచ్చిన నాటికి తూర్పు పాకిస్తాన్ బంగ్లాదేశ్‌గా మారిపోయింది, అయూబ్ ఖాన్, యాహ్యా ఖాన్‌ల పాలనలు చరిత్ర అయిపోయాయి. జరిగిపోయిన వాటిని జరగబోయేవిగా రాయడం ప్రపంచ సాహిత్యంలో కొత్త విద్య కాదు. తెలుగువారికి అసలే కొత్త కాదు. ఎక్కడ ఏ వింత జరిగినా 'బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు' అనడం ఈ నేలపై అలవాటుగా వస్తున్నదే. సంఘటన ముందు, పద్యం వెనుక.

కశ్మీరీ కావాలని కల్పించాడని చెప్పడానికి కూడా ఆధారం లేదు. ఆజాద్‌తో ఆయనకు పరిచయం ఉన్నది, సంభాషణ జరిగి ఉండవచ్చు. జ్ఞాపకం మీద రాసుకున్న మాటలకు తరువాతి చరిత్ర తన రంగును అద్ది ఉండవచ్చు. ఇంతకు మించి నిర్ధారించలేని పత్రాన్ని శిలాశాసనంగా ఊరేగించడం ఆజాద్‌కు గౌరవం కాదు. నిజాయితీ గల పాఠకుడు దానిని పక్కన పెట్టాలి. పక్కన పెట్టినందువల్ల ఆజాద్‌కు నష్టమేమీ లేదు. ఎందుకంటే ఆయన నిస్సందేహంగా చెప్పిన మాటలు వేరే ఉన్నాయి.

రుజువున్న మాటలు

1946 ఏప్రిల్ రెండో వారంలో ఢిల్లీలో ముస్లిం లీగ్ శాసనసభ్యుల సమావేశం జరిగింది. 1940 లాహోర్ తీర్మానంలో ఉన్న 'స్వతంత్ర రాజ్యాలు' అన్న బహువచనం ఆ సమావేశంలో ఏకవచనంగా మారి ఒకే పాకిస్తాన్ అయింది. ఆ వెంటనే ఏప్రిల్ 15న కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఆజాద్ బహిరంగ ప్రకటన చేశారు. పాకిస్తాన్ పథకాన్ని భారతీయుడిగా కాక కేవలం ఒక ముస్లింగా పరిశీలించినా తిరస్కరించవలసిందేనని అందులో వాదించారు. భూమిలో కొంత భాగం పవిత్రం, మిగిలినది అపవిత్రం అన్న భావననే ఆయన తప్పు పట్టారు.

దానికి తోడు ఆయన లెక్క చెప్పారు. పాకిస్తాన్ ఏర్పడితే మూడున్నర కోట్ల ముస్లింలు భారతదేశంలో చెల్లాచెదురుగా మిగులుతారు. సంయుక్త రాష్ట్రంలో 17 శాతం, బీహార్‌లో 12 శాతం, మద్రాసులో 9 శాతంగా ఉన్నవారు నాటికంటే బలహీనపడతారు. శతాబ్దాలుగా ఇళ్ళు కట్టుకుని బతికిన నేల మీదనే రాత్రికి రాత్రి పరాయివారైపోతారు. ఆ 9 శాతంలో గుంటూరు, కర్నూలు, కడప ముస్లింలు కూడా ఉన్నారని తెలుగు పాఠకులు గుర్తుంచుకోవాలి. 1951 జనాభా లెక్కల్లో భారతదేశంలోని ముస్లింల సంఖ్య మూడున్నర కోట్లుగానే తేలింది. ఇందులో దివ్యదృష్టి ఏమీ లేదు. జనాభా లెక్కల పుస్తకాన్ని నిజాయితీగా చదవడం మాత్రమే ఉన్నది.

రెండో ఆధారం ఆయన ఆత్మకథ. ఆజాద్ ఉర్దూలో చెబుతుండగా హుమాయూన్ కబీర్ ఆంగ్లంలో రాసిన ఆ గ్రంథం 1958 ఫిబ్రవరి 22న ఆజాద్ మరణించాక, 1959లో వెలువడింది. పాకిస్తాన్ రెండు భాగాల మధ్య మతం తప్ప మరో బంధం లేదని, భాష, భూగోళం, ఆర్థిక వ్యవస్థ, సంస్కృతి వేరువేరుగా ఉన్న ప్రాంతాలను మతం ఒక్కటే కలిపి ఉంచగలదనడం ప్రజలను వంచించడమేనని అందులో రాశారు. బంగ్లాదేశ్ ఆవిర్భావానికి అది 12 ఏళ్ళ ముందు అచ్చయిన పుస్తకం. తేదీపై వివాదం లేదు, ముద్రణపై వివాదం లేదు. లాహోర్ ఇంటర్వ్యూ చెప్పినంత నాటకీయంగా ఇవి ఉండవు. అందుకే కాబోలు వీటిని ఎవరూ ఫోన్లలో పంచుకోరు.

ప్రవక్త కాదు, రాజకీయవేత్త

ఆత్మకథకు సైతం వివాదాలు లేకపోలేదు. అందులో 30 పేజీలను 30 ఏళ్ళ పాటు తెరవరాదని ఆజాద్ షరతు పెట్టారు. కలకత్తాలోని నేషనల్ లైబ్రరీలో, ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో సీలు వేసి ఉంచిన ఆ పేజీలు 1988లో వెలుగు చూశాయి. నెహ్రూ తొందరపాటు, పటేల్ మొగ్గు గురించి అందులో ఉన్న విమర్శలు దుమారం లేపాయి. మరుసటి ఏడాదే రాజ్‌మోహన్ గాంధీ ఆ పుస్తకంలోని పొరపాట్లను ఏకరువు పెడుతూ మరో పుస్తకం రాశారు. అంతకు చాలా ముందే, 1960లో, రామ్‌మనోహర్ లోహియా ఇంకా కటువైన అభియోగం మోపారు. విభజనను అంగీకరించిన కాంగ్రెస్ కార్యవర్గ సమావేశంలో ఆజాద్ నోరు మెదపలేదని, మూలన కుర్చీలో కూర్చుని సిగరెట్లు కాలుస్తూ గడిపారని లోహియా రాశారు.

ఈ విమర్శలను తేలికగా కొట్టివేయడం కుదరదు. 1946 మే 16 నాటి కేబినెట్ మిషన్ పథకాన్ని, అంటే రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా-సమాచారాలు మాత్రమే కేంద్రం చేతిలో ఉండి రాష్ట్రాలు మూడు సముదాయాలుగా ఉండే ఏర్పాటును, ఆజాద్ చివరిదాకా నమ్ముకున్నారు. అంతటి బలహీన కేంద్రంతో దేశం ఎన్నేళ్ళు నిలుస్తుందన్న నెహ్రూ, పటేల్‌ల భయం నిరాధారమైనది కాదు. 1946 జులై 10న బొంబాయిలో నెహ్రూ అన్న మాటలు ఆ పథకాన్ని దెబ్బ తీశాయన్న ఆజాద్ ఆరోపణలో నిజం ఉన్నది. ఆగస్టు 16న ప్రత్యక్ష చర్యకు పిలుపునిచ్చి కలకత్తాను శ్మశానం చేసిన రాజకీయం ముస్లిం లీగ్‌ది అన్నదీ నిజమే. విభజించి పాలించి చివరకు పారిపోయిన బ్రిటిష్ పాలకుల పాత్ర సరేసరి. తిలా పాపం తలా పిడికెడు.

కనుక ఆజాద్‌ను ప్రవక్తగా నిలబెట్టవలసిన అవసరం లేదు. ఆయన కొన్ని సరిగా చూశారు, కొన్ని చూడలేదు, కొన్ని సందర్భాల్లో మాట్లాడవలసిన చోట మౌనంగా ఉన్నారు. ఒక దేశపు ముస్లింల పౌరసత్వం ఒక ముస్లిం నాయకుడి జోస్యం ఫలించడం మీద ఆధారపడి ఉండకూడదు. ఆయన లెక్క తప్పినా గుంటూరు ముస్లిం ఈ దేశ పౌరుడే. ఈ చిన్న సంగతిని ఒప్పుకోలేనివారే జోస్యాన్ని పెద్దది చేసి చూపుతారు.

పట్టాలు చెప్పే చరిత్ర

విభజన అంటే ఏమిటో రైల్వే పట్టణాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సరిహద్దు గీత గీసినప్పుడు తూర్పున బెంగాల్-అస్సాం రైల్వే నిలువునా చీలింది. ఇంజన్లు, బోగీలు పంచుకున్నట్లే మనుషులనూ పంచుకున్నారు. ప్రభుత్వోద్యోగులకు, రైల్వే సిబ్బందికి ఏ దేశంలో పని చేస్తారో ఎంచుకోమని కాగితాలిచ్చారు. తరతరాల జీవితాన్ని ఒక గడిలో టిక్కు పెట్టి తేల్చుకోమన్నారు.

బీహార్ ముస్లింలలో అనేకులు తూర్పు పాకిస్తాన్‌లోని సైద్‌పూర్ వంటి రైల్వే వర్క్‌షాపు పట్టణాలకు తరలిపోయారు. మతం ఒకటే కాబట్టి అది తమ దేశమని నమ్మారు. పాతికేళ్ళు తిరగకుండానే ఆ దేశంలో మతం కాక భాష నేరమైంది. 1971లో ఉర్దూ మాట్లాడే బీహారీల్లో చాలామంది పాక్ సైన్యం పక్షాన నిలిచారు, కొందరు దాని ఘాతుకాల్లో పాలు పంచుకున్నారు. ఆపై పగకూ ప్రతీకారానికీ వేలాదిగా బలయ్యారు. పాకిస్తాన్ వారిలో కొందరిని తీసుకుని మిగిలినవారికి తలుపులు మూసింది. ఎవరి కోసం ఆ దేశం పుట్టిందని చెప్పారో వారే శిబిరాల్లో ఏ దేశానికీ చెందనివారై దశాబ్దాలు గడిపారు. 2008లో ఢాకా హైకోర్టు తీర్పు వచ్చేదాకా వారి పిల్లలకు పౌరసత్వమన్నది తేలలేదు. మతం ఆధారంగా కట్టిన దేశం ఆ మతస్థులకే నీడ ఇవ్వలేదనడానికి ఏ ఇంటర్వ్యూ అవసరం లేదు. సైద్‌పూర్ చాలు.

ఇప్పుడు సరిహద్దుకు ఇవతల ఖరగ్‌పూర్‌ను చూడాలి. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కట్టుకున్న పట్టణమిది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి తూర్పు తీరపు రైలు మార్గం వెంట పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు, ఒడియాలు, బీహారీలు, పంజాబీలు, బెంగాలీలు, హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు ఒకే వర్క్‌షాపు సైరన్‌కు లేచి ఒకే గేటు గుండా లోపలికి నడిచారు. 1927లో ఆ వర్క్‌షాపు కార్మికులు చేసిన సమ్మెకు అండగా నిలిచి నడిపించిన నాయకులలో బరంపురం తెలుగువాడు వరాహగిరి వేంకటగిరి ప్రముఖుడు. ఆ గేటు ముందు మతాల వారీగా వరుసలు కట్టి ఉంటే సమ్మె ఒక్క పూట కూడా నిలిచేది కాదు. ద్విజాతి సిద్ధాంతం సమాధి అయిన 1971 డిసెంబరు నాటికి అదే గిరి భారత రాష్ట్రపతి. బెంగాలీ పట్టణమైన ఖరగ్‌పూర్ ఓటర్లు జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్ అనే సిక్కును 'చాచా' అని పిలుచుకుంటూ దశాబ్దాల తరబడి శాసనసభకు పంపారు.

విభజన ఈ పట్టణాన్నీ వదలలేదు. 1965 సెప్టెంబరు 7న ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండ వైమానిక స్థావరంపై తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన విమానాలు దాడి చేశాయి. 18 ఏళ్ళ కిందట అదే బెంగాల్. ఒకే భాష, ఒకే నది, ఒకే అన్నం. గీత గీసినవారు శాంతి కోసమే గీశామన్నారు. గీత యుద్ధ విమానాలను ఇచ్చింది.

భాష ముందు ఇద్దరికీ పరీక్ష

ఇంతవరకు చదివి భారతదేశం గొప్పది, పాకిస్తాన్ చెడ్డది అన్న తీర్మానానికి రావడం చాలా సులభం. అది పొరపాటు. 1948 మార్చిలో ఢాకాలో జిన్నా ఉర్దూ ఒక్కటే జాతీయ భాష అన్నారు. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం వీధుల్లోకి వచ్చిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. అదే ఏడాది డిసెంబరు 15న మద్రాసులో తెలుగువారి రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారిగా ఉండి పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచారు. ఢిల్లీ సైతం అప్పటిదాకా మొండిగానే ఉన్నది. ఆ మంత్రివర్గంలో ఆజాద్ కూడా ఉన్నారు. కోస్తా ఊళ్ళలో జనం తిరగబడ్డాకే కేంద్రం దిగి వచ్చింది.

అయితే తేడా ఎక్కడ? ఢిల్లీ దిగి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. భాషను గుర్తిస్తే దేశం ముక్కలవుతుందన్న భయం అబద్ధమని తేలింది. కరాచీ పాలకులు 1956 రాజ్యాంగంలో బెంగాలీకి చోటిచ్చినా అధికారంలో బెంగాలీలకు చోటివ్వలేదు. 1970 ఎన్నికల్లో గెలిచిన వారికి గద్దె ఇవ్వక సైన్యాన్ని పంపారు. ఒక రాజ్యం తప్పును దిద్దుకోగలిగింది, మరొకటి దిద్దుకోలేకపోయింది. దేశాలను నిలబెట్టేది మెజారిటీ మతం కాదు, తేడాను ఒప్పుకునే శక్తి. పాకిస్తాన్ విరిగింది ఇస్లాం వల్ల కాదు. ఒకే గుర్తింపును అందరి మీదా రుద్దడం వల్ల. ఆ పని ఏ మతం పేరుతో ఏ దేశం చేసినా ఫలితం మారదు. ఆజాద్ వాదనలోని సారం ఇదే. దానిని 'ముస్లిం దేశం నిలవదని ముస్లిమే చెప్పాడు' అని కుదించడం చదువు రానితనం, లేదా చదివీ దాచడం.

మరచిన రెండో జోస్యం

1946 ఏప్రిల్ 15 ప్రకటనలో ఎవరూ పంచుకోని భాగం ఒకటున్నది. భారతదేశం తన భవిష్యత్తును తన చేతుల్లోకి తీసుకున్న నాడు నేటి మత అనుమానాల అధ్యాయాన్ని మరచిపోతుందని, అప్పుడు కూడా విభేదాలు ఉంటాయి గాని అవి ఆర్థికమైనవై ఉంటాయే తప్ప మతపరమైనవి కావని ఆజాద్ విశ్వాసం ప్రకటించారు. అంటే ఆయన రెండు జోస్యాలు చెప్పారు. ఒకటి పాకిస్తాన్ గురించి, ఇంకొకటి భారతదేశం గురించి. మొదటిది నిజమైందని పండగ చేసుకుంటున్నవారు రెండోది ఏమైందో చెప్పాలి.

అది నిజం కాలేదు. స్వాతంత్ర్యం వచ్చి దాదాపు 80 ఏళ్ళు కావస్తున్నా ఎన్నికల సభల్లో ఉద్యోగం, ధర, కూలి, భూమి కంటే గుడి, మసీదు, తిండి, పెళ్ళి ఎక్కువ ఓట్లు రాల్చుతున్నాయి. ఆజాద్ ఊహించిన ఆర్థిక రాజకీయం రాలేదంటే జనం దానిని తిరస్కరించినందువల్ల కాదు. ధర గురించి అడగవలసిన నోటికి మతం అనే బెల్లం ముక్క అందించడం పాలకులకు చౌక గనుక. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గేటు దగ్గర 1927లో యాజమాన్యానికి భయం పుట్టించిన ఐక్యత నేటి పాలకులకూ భయమే.

పొరుగు దేశం మీద ప్రయోగించడానికి ఆజాద్ కావాలి. సొంత దేశంలో ఆయన పేరు అక్కరలేదు. ఇది ఆరోపణ కాదు, వరుసగా జరిగిన నిర్ణయాల జాబితా. 2022 డిసెంబరులో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు కేంద్రం లోక్‌సభకు తెలిపింది. ఎం.ఫిల్., పీహెచ్‌డీ చదివే మైనారిటీ విద్యార్థులకు అది ఆసరా. 2023లో 11వ తరగతి రాజనీతి శాస్త్ర పుస్తకంలో రాజ్యాంగ సభ కమిటీల ప్రస్తావన నుంచి ఆజాద్ పేరును ఎన్‌సీఈఆర్‌టీ తొలగించిన సంగతి పత్రికల్లో బయటపడింది. 2024లో మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని ఆదేశాలు వెలువడ్డాయి. తొలి విద్యామంత్రి జన్మదినమైన నవంబరు 11ను మాత్రం జాతీయ విద్యా దినంగా జరుపుతూనే ఉన్నారు. పటానికి దండ, పుస్తకంలో పేరుకు కత్తెర.

కాంగ్రెస్ వారు ఇది చూసి సంతోషించవలసిన పని లేదు. 1940లో జిన్నా ఆజాద్‌ను కాంగ్రెస్ తన ముందు పెట్టుకున్న బొమ్మ అని అవమానించారు. ఆ మాట అబద్ధమని తమ చేతలతో నిరూపించవలసిన బాధ్యత దశాబ్దాల పాటు కేంద్రాన్ని ఏలిన పార్టీది. 2006లో జస్టిస్ సచార్ కమిటీ ఇచ్చిన నివేదికే దానికి జవాబు. 2001 లెక్కల ప్రకారం జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. భారతీయ రైల్వేల సుమారు 14 లక్షల సిబ్బందిలో ముస్లింలు 64 వేలు, అంటే 4.5 శాతం, వారిలో 98.7 శాతం మంది కింది స్థాయి ఉద్యోగాల్లోనే. దేశంలోని అతి పెద్ద యజమానుల్లో ఒకటైన రైల్వేల సంగతి ఇది. ఆజాద్ పేరున ఫౌండేషన్లు, ఫెలోషిప్‌లు పెట్టి, ఆజాద్ అడిగిన సమానత్వాన్ని వాయిదా వేసినవారు నేడు వాటి మూసివేతకు కన్నీరు కారిస్తే అందులో సగం తమ కోసమే కార్చాలి.

ఒక అభ్యంతరం, ఒక జవాబు

'మతం ఆధారంగా ఒక దేశం ఇచ్చేశాం గదా, మిగిలింది హిందువులది కాదా' అన్న ప్రశ్న నేడు గౌరవనీయుల నోట కూడా వినిపిస్తున్నది. దీనిని తప్పించుకోరాదు. ఈ ప్రశ్న అడిగేవారు తాము జిన్నాను వ్యతిరేకిస్తున్నామనుకుంటారు గాని, జిన్నా వాదననే పూర్తి చేస్తున్నారు. హిందువులు ఒక జాతి, ముస్లింలు ఒక జాతి, ఇరువురికీ చెరో దేశం: లీగ్ వేసిన లెక్క ఇదే. భారత రాజ్యాంగ సభ ఆ లెక్కను అంగీకరించలేదు. పాకిస్తాన్ ఏమైనా కావచ్చు, ఈ దేశం మాత్రం మతాన్ని బట్టి పౌరుడిని కొలవదని రాసుకున్నది. 1971లో తూర్పు బెంగాల్ ముస్లింలు తమ రక్తంతో ఆ లెక్కను రెండోసారి కొట్టివేశారు. ఢాకాలో ఓడిపోయిన సిద్ధాంతాన్ని ఢిల్లీలో గెలిపించడానికి ఇంత తొందర ఎందుకు?

పైగా, దేశాన్ని 'ఇచ్చింది' ఎవరు? నాటి ఓటు హక్కు ఆస్తి, చదువు, పన్ను వంటి అర్హతలకు పరిమితం. 1946 ఎన్నికల్లో వయోజనుల్లో కొద్ది భాగమే ఓటు వేయగలిగింది. పేద జులాహా, చేపలు పట్టేవాడు, రైల్వే కూలీ విభజనకు ఓటు వేయలేదు. వారికి ఓటే లేదు. తాము వేయని ఓటుకు నాలుగు తరాల తరువాత వారి మునిమనుమలు వివరణ ఇచ్చుకోవాలనడం న్యాయం కాదు.

దేశభక్తి పరీక్ష రాయకుండానే పౌరుడిగా బతకగలగడం ముస్లింలకు చేసే దయ కాదు, రాజ్యాంగం రాసిచ్చిన హామీ. పాకిస్తాన్ ఎందుకు విఫలమైందో తెలిసినవారు ఆ హామీని ఎవరికంటే ముందు కాపాడాలి. ఒకే మతం, ఒకే భాష, ఒకే తిండి అన్న దారి ఎక్కడికి చేరుతుందో తూర్పు సరిహద్దు అవతల ఇప్పటికే ఒకసారి ప్రయోగం జరిగిపోయింది. ఆ ప్రయోగాన్ని ఇక్కడ తిరిగి చేసి వేరే ఫలితం వస్తుందనుకోవడం మూర్ఖత్వం.

ఆజాద్ మొదటి జోస్యాన్ని నిజం చేసింది పాకిస్తాన్ పాలకులు. రెండో దానిని నిజం చేయవలసింది భారత ప్రజలు. ఎన్నికలు వచ్చినప్పుడు ధరలు, ఉద్యోగాలు, బడి, ఆసుపత్రి గురించి అడిగిన ప్రతి ఓటరూ ఆ జోస్యాన్ని కొంత ముందుకు నడుపుతాడు. మతం పేరు చెప్పగానే ఆ ప్రశ్నలు మరచిన ప్రతి ఓటరూ దానిని వెనక్కి లాగుతాడు. అందుకు లాహోర్ నుంచి ఏ ఇంటర్వ్యూ అక్కరలేదు.